మెట్టసీమ కూడు, మెట్టసీమ ఆకలి

బెజవాడనుండి హైదరాబాదునకు పోవు రహదారిలో కొండపల్లి కొండల వరుసను దాటి వాయవ్యమునకు సాగిన బాటసారికి నేల స్వభావము క్రమక్రమముగా మారుట కానవచ్చును. కాలువగట్లును, కొబ్బరిచెట్లును, ఏటికి రెండుమారులు నీరు నిలుచు మాగాణులును వెనుకబడి, కంచికచర్ల దాటునప్పటికి నల్లరేగడి చేలును, నందిగామ దాటి జగ్గయ్యపేట చేరునప్పటికి ఎఱ్ఱచెలకలును సున్నపురాతి నేలలును ఎదురగును. మున్నేరు, వైరా, కట్టలేరు, పాలేరు ఈ సీమలోనే ప్రవహించుచున్నను, కృష్ణవేణి దీని దక్షిణపు సరిహద్దును తాకుచునే పారుచున్నను, ఆ నీరు గట్టుకు దిగువనే సాగిపోయెను గాని తరతరములు చేల మీదికెక్కలేదు. అందుచేతనే దీనికి మెట్ట తాలూకాలను పేరు కలిగెను. 1859లో ఏర్పడిన కృష్ణాజిల్లాలో నూటయరువది సంవత్సరములకు పైగా అంతర్భాగమై, 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల కూటి చరిత్రను ఇచట చెప్పదలచితిని. రాజుల చరిత్రలును, గుడుల చరిత్రలును వ్రాసినవారు కలరు; ఒక సీమ ప్రజలు ఏమి తినిరి, తినిన పిదప ఎంతసేపటికి మరల ఆకలిగొనిరి అను చరిత్రను వ్రాసినవారు అరుదు. కడుపునిండ భుజించిన రెండుమూడు గంటలకే మరల ఆకలి యగుచున్నదను మొర నేడు ఇంటింట వినవచ్చుచున్నది గనుక ఈ చరిత్ర మనకు అవసరమైనది.

జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. చింతపల్లినుండి అమరావతికి తన రాజధానిని మార్చిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తండ్రి జగ్గయ్య పేర ఈ పేటను నెలకొల్పెను. అన్నదానములకును ఆలయనిర్మాణములకును పేర్వడసిన ఆ ప్రభువు 1816లో దివంగతుడయ్యెను. కాని ఊరి ప్రాచీనత ఆయన కాలమునకు ఎంతో వెనుకటిది. ఊరి చేరువనున్న ధనంబోడు అను గుట్టపై 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ త్రవ్వించి బయల్పరచిన బౌద్ధస్తూపమును, అచట దొరకిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని నాటి శాసనములును అందుకు నిదర్శనములు. అచటి శిల్పములలో నొకటి, ఇప్పుడు చెన్నపట్టణపు వస్తుప్రదర్శనశాలలో నున్నది, మిక్కిలి ప్రసిద్ధికెక్కినది: మాంధాతృ చక్రవర్తి చేయి చాచి నిలువగా ఆకసమునుండి నాణెములు కురియుచుండును. ధనవర్షముచేతనైనను తృష్ణ చల్లారదని ఆ మాంధాతృ జాతక కథా సారాంశము. భూలోకము చాలక స్వర్గములో సగమును, సగము చాలక సర్వమును కోరిన ఆ రాజు తుదకు నేలపై బడి ముదిసి మరణించెను.

ఆ కథ మనసు యొక్క తృష్ణకు సంబంధించినది. శరీరపు ఆకలి వేఱు. భోజనమైన కొంతసేపటికే బిస్కత్తుల డబ్బా వెదకువానిని ఇంటివారు తిండిపోతని నిందించుట కలదు. వాడును తన జిహ్వకు నిగ్రహము లేదని తనను తానే నిందించుకొనును. ఆ నింద చాలవఱకు అన్యాయమని నా నిశ్చయము. పళ్ళెములోని పదార్థము మారినది, పని మారినది, పరిమాణము మాత్రము మారలేదు. ఈ మార్పు ఏ కాలమున, ఏ కారణములచేత జరిగినదో తెలిసికొన్నచో నిందకు బదులు వివేకము కలుగును.

నాగార్జునసాగరపు నీరు రాకపూర్వము ఈ సీమ ప్రధానాహారము జొన్న. తొలకరికి కందిని సాళ్ళుగా కలిపి పచ్చజొన్నయు, రేగడినేలలలో శీతకాలమునకు తెల్లజొన్నయు, తేలికనేలలలో సజ్జయు వరిగయు కొఱ్ఱయు విత్తెడివారు. పెసర, మినుము, అలసంద, ఉలవ వీనికి తోడు పంటలు. పండిన జొన్నను కల్లమున బంతికట్టి నూర్చి, ఊరిలో గట్టినేల చూచి త్రవ్విన పాతరలలో వరిగడ్డి పఱచి పోసి మన్నుకప్పి, అవసరము వచ్చినప్పుడు త్రవ్వి తీసెడివారు. పాలేరు జీతము పుట్లలోను, కూలి కుంచములలోను మానికలలోను ఉండెడిది. నగదు చూచుట అరుదు. ఒక కాపు ఇంటి కలిమిని ఎన్ని పాతరలున్నవో చూచి అంచనా వేసెడివారు. కఱవు వచ్చిన యేడు పాతరయే ప్రాణము.

ఆ జొన్న కూడగుటకు ముందు ఎంత శ్రమ యుండెడిదో ఈ తరమువారు ఊహింపజాలరు. గింజలను తడిపి రోట దంచి, చేటతో పొట్టు చెఱిగి, కోడికూతవేళ తిరగలిలో విసరి, జల్లెడపట్టి నూకను పిండిని వేఱుచేసి, ఎసట నూక పోసి ఉడికిన పిమ్మట పిండి చల్లి తెడ్డుతో గెలికిన గాని సంకటి కాలేదు. ఈ పనియంతయు స్త్రీలదే. బిడ్డను ఒడిలో నుంచుకొని విసరిన తల్లులను తలచినప్పుడు, మరయంత్రము వచ్చి వారి భుజములకు విశ్రాంతి నిచ్చినందుకు సంతోషింపవలయునే గాని, గతించిన తిరగలికై ఎవ్వరును విలపింపరాదు. అయినను ఆ తిరగలివలన ఒక గుణము సిద్ధించెను: పిండి మెత్తనిదై యుండక, గింజ పూర్తిగా చితుకక, పైపొరలో కొంతభాగము కూటిలోనే మిగిలెడిది.

దినచర్య ఇట్లుండెడిది. ప్రొద్దు పొడుచునప్పటికి రాత్రి మిగిలిన జొన్నన్నమును మజ్జిగలో పిసికి ఉల్లిపాయతోడనో, పచ్చిమిరపకాయతోడనో చద్దిగా త్రాగి రైతు అరక కట్టెడివాడు. ఎండ ముదిరిన వేళకు ఆలు కూటికుండ నెత్తిన పెట్టుకొని చేనికి వచ్చెడిది. అందులో సంకటి, దానికి గోంగూర పచ్చడియో, కందిపచ్చడియో, చేనిగట్టున కోసిన ఆకుకూరతో వండిన పప్పో తోడుండెడిది. నడుమ దాహమైనచో అంబలి. దీపాలవేళకు మరల జొన్నకూడు, పాడియున్న ఇంట మజ్జిగ. ఎద్దులకు ఉలవలు ఉడికించిన నీటిని పారబోయక చింతపండు చేర్చి కాచిన ఉలవచారు ఈ జిల్లాకు పేరుతెచ్చిన పదార్థము. గింజ ఎద్దుకును, కట్టు మనిషికిని దక్కెడిది. జొన్నకూడు తిన్నచో ప్రొద్దు వాలువఱకు కడుపులో నిలుచుననియు, వరియన్నము తిన్నచో చాలు తిరుగునంతలో అరిగిపోవుననియు ఆనాటి దుక్కిటి రైతులు చెప్పుకొనెడివారు. శాస్త్రమెఱుగని ఆ మాటలో ఎంత సత్యమున్నదో ముందు చూడగలము.

అయినను, జొన్నకు గౌరవము లేదు. కృష్ణకు ఆవలియొడ్డున నున్న పలనాటి సీమలో జొన్నకూడు తినవలసివచ్చినందుకు విసిగి చెప్పినట్లు శ్రీనాథమహాకవి పేర వ్యాప్తిలోనున్న చాటువులను ఎఱుగని తెలుగువాడుండడు. పలనాటికిని మన మెట్టసీమకును నడుమ ఏరు తప్ప వేఱు భేదము లేదు. వరియన్నము పండుగనాటిది, పెండ్లినాటిది, అల్లుడు వచ్చిననాటిది. ఏటిగట్టున ఒకటి రెండు కుంటల మడిలో పండిన వడ్లను దాచి చుట్టములకు వండెడివారు. డెల్టా గ్రామములకు పిల్లనిచ్చిన తండ్రి తన బిడ్డ వరికూడు తినునని చెప్పుకొని గర్వించెడివాడు. తెల్లనన్నముపై ఈ సీమవారికి కలిగిన మోజు తరతరముల పేదఱికమునుండి పుట్టినది. దానిని ఎగతాళి చేయుట తగదు.

పల్లపునకును మెట్టకును ఈ భేదము ఇంత గాఢమగుటకు ఒక మహాక్షామము కారణమయ్యెను. 1832–33లో, నందననామ సంవత్సరమున, వానలు లేక గుంటూరు మండలమున సుమారు మూడవవంతు జనము నశించెను. నేటికిని వృద్ధులు నందనకఱవు అని చెప్పుకొందురు. ఆ ఘోరమునకు ప్రతిక్రియగా సర్ ఆర్థర్ కాటను ప్రోద్బలమున, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట కట్టుట 1852లో మొదలై 1855లో ముగిసెను. ఆనకట్టకు దిగువనున్న భూములన్నియు వరిపొలములాయెను. ఎగువనున్న నందిగామ తాలూకా మాత్రము ఎప్పటివలెనే మబ్బువంక చూచుచు జొన్న విత్తెను. ఒకే జిల్లాలో, ఒకే నదిగట్టున, రెండు కూళ్ళ ప్రజలు శతాబ్దికి పైగా ప్రక్కప్రక్కన జీవించిరి.

ఆ రెండు కూళ్ళకును వాని వాని వ్యాధులు లేకపోలేదు. ఉత్తరసర్కారుల సముద్రతీర మండలములలో బెరిబెరి అను వ్యాధి ప్రబలియుండుటను గూర్చి మాల్కంసన్ అను వైద్యుడు 1835లోనే గ్రంథము వ్రాసెను. పచ్చిబియ్యమును మరలలో తెల్లగా పాలిషుపట్టి తినుటచేత తవుడుతోపాటు బి1 విటమిను పోవుటయే దానికి హేతువని పిదప తేలినది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో ఎయిక్రాయిడ్ మున్నగువారు 1930, 40 ప్రాంతములలో ఈ తీరముననే దానిని పరిశీలించిరి. ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట, జొన్నను మాత్రమే నమ్ముకొన్న బీదలలో మెడమీదను ముంజేతులమీదను చర్మము మాడినట్లగు పెల్లగ్రా వ్యాధి అధికముగా కానవచ్చుటను గమనించి, జొన్నలోని లూసిను అను ఆమ్లము మితిమీరుటయే కారణము కావచ్చునని గోపాలన్, శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు 1960లో ప్రకటించిరి. పప్పును పాలును కొఱవడిన పళ్ళెమున జొన్నయు రోగమునే తెచ్చెను. కావున జొన్నను అమృతమనియు బియ్యమును విషమనియు నేడు కొందఱు చేయుచున్న ప్రచారము చరిత్రకు విరుద్ధము. ఏ ధాన్యమైనను ఒంటరియైనచో చేటు, తోడున్నచో మేలు.

మన ప్రాచీన వైద్యులీ విషయమును మఱియొక వైపునుండి చూచిరి. ప్రమేహములు ఇరువది విధములనియు, వానిలో మధుమేహము అసాధ్యమనియు చరకసుశ్రుతులు నిరూపించిరి. సుఖాసనము, అతినిద్ర, పెరుగు, క్రొత్తధాన్యము, బెల్లపు పిండివంటలు ఆ వ్యాధికి కారణములని చరకుని మతము. పథ్యముగా యవలు, చామలు, ఆరికలు, పెసలు చెప్పబడినవి. బియ్యమును ఏడాది పాతబడనిచ్చి తినుటయు, గంజి వార్చుటయు, భుజించిన పిదప నూరడుగులు నడచుటయు మన ఇండ్లలో ఆచారములై నిలిచినవి. కుక్కరు వచ్చిన పిదప గంజివార్పు పోయెను. దూరదర్శనము వచ్చిన పిదప నూరడుగులును పోయెను.

ఇక ఆకలి శరీరములో నడచు తీరు. వయోజనుని దేహములో సుమారు 5 లీటర్ల రక్తముండును; పరగడుపున నూరు మిల్లీలీటర్ల రక్తములో గ్లూకోజ్ 100 మిల్లీగ్రాములకు లోపుగా నుండుట ఆరోగ్యలక్షణము. అనగా రక్తమంతటిలోను ఒక్కసారికి ఉండు చక్కెర 5 గ్రాములు, ఒక చిన్నచెంచాకు మించదు. ఒక పూటకు 200 గ్రాముల బియ్యము వండుకొని తిన్నవాని కడుపులోనికి సుమారు 155 గ్రాముల పిండిపదార్థము చేరును. అది అంతయు చక్కెరగా మారి రక్తములోనికి రావలసినదే. ఐదు గ్రాములు పట్టు చోటికి నూటయేబది గ్రాములు వచ్చుచుండగా ప్రమాదము కలుగకుండుటకు క్లోమగ్రంథి ఇన్సులిన్ అను రసమును విడుదల చేసి, ఆ చక్కెరను కండలకును కాలేయమునకును పంపును. టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు 1921లో దీనిని వేఱుచేసిరి. మరుసటియేడు మధుమేహముతో మరణోన్ముఖుడైన బాలునికి సూదిమందుగా ఇచ్చి బ్రదికించిరి.

చక్కెర రక్తమును చేరు వేగమే ఇచట కీలకము. పాలిషుపట్టిన బియ్యము పీచులేనిది, మెత్తగా ఉడికినది, తేలికగా జీర్ణమగునది; దాని చక్కెర అరగంట గంటలోపల పైకెగసి, అంత ఉద్ధృతికి ప్రతిగా ఇన్సులిన్ కూడ అధికముగా వెలువడి, రెండుమూడు గంటలకు చక్కెర కొందఱిలో తొలుత ఉన్న మట్టమునకన్న దిగువకు పడిపోవును. అప్పుడు కాళ్ళు చేతులు లాగుట, చెమట, చికాకు, కన్నులు తిరుగుట, నిలువలేని ఆకలి పుట్టును. రక్తములోని చక్కెర హెచ్చుతగ్గులే ఆకలిని నడుపునని జీన్ మేయర్ అను శాస్త్రజ్ఞుడు 1953లో ప్రతిపాదించెను; ఆకలిని పుట్టించు గ్రెలిన్ అను హార్మోను 1999లో కనుగొనబడిన పిదప కథ అంత సరళము కాదని తేలినను, ఆ ప్రతిపాదనలోని సారము నిలిచినది. 2021లో బ్రిటనులోను అమెరికాలోను వేయిమందికి పైగా ఆరోగ్యవంతులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, చక్కెర ఎంత ఎత్తునకు లేచినదను దానికన్న ఎంత లోతునకు పడినదనునదే తరువాతి ఆకలిని బాగుగా సూచించునని కనుగొనిరి. మిక్కిలి పడిపోయినవారు ఇతరులకన్న సుమారు అరగంట ముందుగానే మరల తినిరి. దినమంతటిమీద సుమారు 300 కెలోరీలు, అనగా 85 గ్రాముల బియ్యమంత, అధికముగా భుజించిరి. ఒకే ఆహారమునకు ఒక్కొక్క శరీరము ఒక్కొక్క విధముగా స్పందించుటయు ఆ పరీక్షలో స్పష్టమైనది. ఒకే పళ్ళెములో తిన్న అన్నదమ్ములలో ఒకడు సాయంత్రమువఱకు నిలువగా, రెండవవాడు మూడుగంటలకే వంటింటికి పోవుట ఇందుచేతనే.

ఈ వెలుగులో దుక్కిటి రైతు మాటను మరల పరిశీలింపవలయును. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల తెల్లబియ్యములో పీచు 3 గ్రాములకు లోపు; జొన్నలో 10, సజ్జలో 11కు పైగా. మాంసకృత్తులు బియ్యములో సుమారు 8, జొన్నలో సుమారు 10. జొన్నగింజలోని పిండి రేణువులను ఒకవిధమైన మాంసకృత్తు చుట్టుకొనియుండుటచేత జీర్ణరసములు వానిని నెమ్మదిగా గాని కరగింపజాలవు. దానికి కందిపప్పు, ఆకుకూర, మజ్జిగ తోడైనప్పుడు ఆ నెమ్మదితనము రెట్టింపగును. ఒక పూట పప్పుధాన్యము తిన్నచో మరుపూట తిన్న ఆహారపు చక్కెర కూడ తక్కువగా లేచునని, ఆహారము రక్తములోని చక్కెరను లేపు తీరును తెలుపు గ్లైసీమిక్ సూచిక అను కొలమానమును 1981లో ప్రవేశపెట్టిన టొరాంటో వైద్యుడు డేవిడ్ జెంకిన్స్ చూపెను. కంది, పెసర, ఉలవ నిత్యము తినిన మెట్టరైతు ఈ ఫలమును పేరు తెలియకయే అనుభవించెను. అన్నిటికిని మించి వాని కండలు దినమెల్ల పనిచేయుచుండెడివి. పనిచేయు కండ ఇన్సులిన్ అంతగా లేకయే చక్కెరను పీల్చుకొనును. జొన్నలోని నిలుకడ కొంత, తోడి పప్పులది కొంత, అరకది కొంత.

ఈ సీమ కూటిని మార్చిన మహాఘట్టము నాగార్జునసాగరము. కృష్ణాజలములను పెన్నకు తరలించి చెన్నపట్టణమునకు చేర్చవలెనను ఆలోచన సాగుచున్న దినములలో, జగ్గయ్యపేట చేరువనున్న ముక్త్యాల సంస్థానాధిపతి రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ దానిని ఎదిరించి, నందికొండకడ ఆనకట్ట కట్టి మెట్టభూములను తడుపవలెనని అవిశ్రాంతముగా కృషిచేసెను. దీనిని పరిశీలించిన ఖోస్లా సంఘము 1952లో నందికొండను సమర్థించెను. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమను పేరొందిన ఆ ఆనకట్టకు పునాదిరాయి వేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. లాల్‌బహదూర్ కాలువ అను ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము జిల్లాలను తడిపి చివరకు కృష్ణాజిల్లా మెట్టకు చేరునది. బెజవాడ ఆనకట్ట ముగిసిన 112 సంవత్సరములకు గాని ఎగువ తాలూకాలకు కాలువనీటి యోగము పట్టలేదు. ఆయకట్టు చివర నుండుటచేత ఇప్పటికిని ప్రతియేడు నీటికై ఎదురుచూపు తప్పలేదు. ఐనను తాతలనాడు జొన్న పండిన నేలలో మనుమలు వరినాట్లు వేసిరి. ఆ సంతోషమును నేను తక్కువచేసి చెప్పను. ఆకలిచావులెఱిగిన సీమకు నీరు వచ్చుట ధర్మము.

నీటితోపాటు క్రొత్తవంగడములును వచ్చెను. 1966లో ఐ.ఆర్. 8, పిదప మసూరి, 1982లో మారుటేరునుండి స్వర్ణ, 1986లో బాపట్లనుండి సాంబమసూరి. సన్నని, తెల్లని, మెత్తని సాంబమసూరి పండుగబియ్యమును నిత్యబియ్యముగా మార్చెను. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకిచ్చుటతో కూలివాని పొయ్యిమీదకు కూడ వరియన్నము వచ్చెను; తరతరములుగా అల్లునికి మాత్రము వండిన కూడు బీదవాని బిడ్డకు దక్కెను. అదే కాలమున రేగడిచేలను ప్రత్తియు మిరపయు ఆక్రమించెను. జొన్న వేయువారు తగ్గినకొలది మిగిలిన చేలపై పిట్టలు ఎక్కువగా వ్రాలెను. మంచెపై కావలి కూర్చుండువారు లేక ఆ మిగిలినవారును మానుకొనిరి. ట్రాక్టరు వచ్చి ఎద్దు పోయెను. ఎద్దుతో ఉలవచేను పోయెను. ఉలవచారు పెండ్లివిందులకును, రహదారి హోటళ్ళకును తరలిపోయెను. చేనిగట్టు ఆకుకూర కలుపుమందుకు బలియయ్యెను. ధాన్యము మారినంత మాత్రమున జరిగిన నష్టము కొంచెమే. దాని పరివారమంతయు చెదరిపోవుటయే అసలు నష్టము.

పళ్ళెములోని రాశి మాత్రము పాతదే. అరక దున్ని వచ్చినవానికి వడ్డించినంత అన్నమును నేడు మోటారుసైకిలుపై పోయి వచ్చినవానికి వడ్డించుచున్నాము. ఉదయము ఇడ్లీయో దోసెయో, పదకొండు గంటలకు పంచదార టీ, మధ్యాహ్నము కుక్కరన్నము, దానికి పలుచని పప్పుచారు, నాలుగింటికి మరల టీ బిస్కత్తులు, రాత్రి మరల అన్నము. ఈ వరుసలో చక్కెర లేచుట, పడుట, ఆకలి, మరల తినుట యను చక్రము తెల్లవారినది మొదలు పండుకొనువఱకు తిరుగుచునే యుండును. భారత వైద్య పరిశోధనమండలి 2023లో ప్రకటించిన లెక్కలలో దేశమున మధుమేహులు సుమారు 10 కోట్లు, ఆ అంచున నున్నవారు 13 కోట్లకు పైగా. ఈ వ్యాధికి వంశము, వయసు, స్థూలకాయము, శ్రమలేమి మున్నగు కారణములెన్నియో కలవు. బియ్యమొక్కదానిపై నేరము మోపరాదు. భుజించిన కొన్నిగంటలకు ఆకలియైన ప్రతివాడును మధుమేహి కాడు. అయినను దాహము, మాటిమాటికి మూత్రము, కారణములేక చిక్కిపోవుట ఆకలికి తోడైనచో పరీక్ష ఆలస్యము చేయరాదు. మాత్రలో ఇన్సులినో వాడువారికి వణకు, చెమట కలిగి చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగినచో అది ఉపదేశములకు సమయము కాదు. వెంటనే పంచదారో గ్లూకోజో నోట వేయవలయును.

పాతకూటికి పూర్తిగా మరలిపోవుట సాధ్యము కాదు, అవసరమును కాదు. మరలో పొడిగా విసరిన జొన్నపిండిని మెత్తగా ఉడికించి పప్పు కూర లేక తిన్నచో అదియు చక్కెరను వేగముగానే లేపును. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించిన పిదప అంగళ్ళలో వెలసిన చిరుధాన్యపు బిస్కత్తులలో మైదాయు పంచదారయు ఎంత కలవో పొట్లము వెనుక చదివిన గాని తెలియదు. మెట్టపళ్ళెములోని సమతూకమును వరియన్నముతోడనే తిరిగి సాధింపవచ్చును. న్యూయార్కు నగరపు వైద్యులు 2015లో పదకొండుగురు మధుమేహులకు ఒకే భోజనమును రెండు వరుసలలో పెట్టి చూచిరి. కూరలును మాంసకృత్తులును మొదట తిని పిండిపదార్థమును చివర తిన్ననాడు, గంటకు చూచిన రక్తచక్కెర మూడవవంతుకు పైగా తక్కువగా నుండెను. పరిశోధకులు చిన్నసంఖ్యనే చూచిరి గాని, దానిని ఆచరించుటకు ఖర్చేమియు లేదు. అన్నపురాశిలో పప్పు వెదకుకొనుట మాని, పప్పును కూరను ముందు కొంత తిని పిదప అన్నము కలుపుకొనుట ఏ ఇంటనైనను సాధ్యమే. వంగడములలోను ఆశ కలదు: సాంబమసూరినే తెగులును తట్టుకొనునట్లు మెఱుగుపఱచి 2008లో విడుదలచేసిన రకమునకును, తెలంగాణ సోనా అని పేరువడసిన ఆర్.ఎన్.ఆర్. 15048కును గ్లైసీమిక్ సూచిక 51 ప్రాంతముననున్నట్లు పరీక్షలలో తేలినది. 55కు లోపున్నవి నెమ్మదిగా కరుగు ఆహారములుగా ఎన్నబడును.

నందిగామ, జగ్గయ్యపేట సీమల చదువరులను నేను కోరునది ఇంతే. ఇంటిలో తొంబదియేండ్ల అవ్వయో తాతయో యున్నచో, వారి చిన్ననాట ఏ నెలలో ఏ గింజ వండెడివారో, దానికి తోడుగా ఏ పప్పు, ఏ ఆకు పెట్టెడివారో అడిగి వ్రాసియుంచుడు. వారితో ఆ జ్ఞానము పోయినచో ఏ శాసనములోను దొరకదు. పొలమున ప్రత్తిసాళ్ళ నడుమ కందిని మరల విత్తుడు, పెరటిలో గోంగూరను తోటకూరను పెంచుడు, వారమునకు రెండుమారులైనను ఉలవలను మనుష్యులకే వండుడు. తెల్లనన్నమును వడ్డించు చేయి ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పు ఒక గరిటె పెంచినచో చాలును. భోజనమైన వెంటనే మంచమెక్కక వీధిచివరవఱకు నడచి రండు.